బి.ఏ. అంటే మిగిలిపోయినవాళ్ళ చదువు కాదు

(తాటిపాకలో మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు "ఉన్నత విద్య - మన పిల్లలు" అని విషయం ఇచ్చారు. అది చాలా పెద్ద చాపండీ. మొత్తం పరిచి కూర్చుంటే ఇషా వేళ దాటిపోతుంది. కనుక ఆ చాప మడిచి, ఒక మూల మీదే కూర్చుంటాను. ఈ రోజు జనరల్ బాడీ ముందున్న మూడో అంశం మన స్కాలర్‌షిప్ నియమాన్ని సవరించడం గురించి. ఇప్పుడున్న నియమంలో "వృత్తివిద్యా కోర్సులు చదువుచున్న పేద విద్యార్థులకు మాత్రమే" అని ఉంది. ఆ "మాత్రమే" అన్న మాట తీసివేయాలని నా ప్రార్థన. ఎందుకు తీసివేయాలో చెప్పడానికే ఈ ప్రసంగం. ముందుగానే ఒక మాట మనవి చేస్తాను. నేను మాట్లాడేది సభ్యుల చందాలతో ఏర్పడిన విద్యానిధి గురించి. జకాత్ సొమ్ము లెక్క వేరు. దాన్ని ఎవరికి, ఎలా ఇవ్వాలో ఉలమాలు చెప్పాలి గాని నేను కాదు.

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజు మన ఇళ్ళలో జరిగేది అందరికీ తెలిసిందే. మొదట డాక్టరు, కాకపోతే ఇంజనీరు, అదీ కాకపోతే ఫార్మసీ, నర్సింగు. చేతిలో డబ్బు లేకపోతే బి.కామ్. ఆ మెట్లన్నీ దిగి దిగి అట్టడుగున నిలబడినవాడికి బి.ఏ. "ఏ సీటూ రాలేదండి, బీఏలో వేసేశాం" అంటారు తండ్రిగారు, పిల్లవాడు పక్కనే నిలబడి వింటుండగా. వేసేశాం! పాత బట్టలు మూటగట్టి అటకమీద వేసినట్టు. ఆ మాట విన్న కుర్రవాడు మూడేళ్ళూ అలాగే చదువుతాడు. మార్చి నెలలో ఒక గైడు కొంటాడు, "ఇంపార్టెంట్" అని గుర్తు పెట్టిన ఇరవై ప్రశ్నలు బట్టీ పడతాడు, రాస్తాడు, పాసవుతాడు. చరిత్ర పుస్తకం ఒక్కటి కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండానే హిస్టరీ గ్రాడ్యుయేటు అవుతాడు. ఆ తర్వాత మనమే అంటాం, "చూశారా, బీఏ చదివితే ఏమొచ్చింది?" అని. చదివితే కదండీ!

ఈ మధ్య దేశంలో "లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీ" అన్న మాట బాగా వినబడుతోంది. ఆర్ట్స్ అన్నాం కదా అని ఇది బొమ్మలు గీసే చదువు కాదు. లాటిను భాషలో "లీబెర్" అంటే స్వేచ్ఛ గలవాడు, ఎవరికీ బానిస కానివాడు. అట్టి మనిషికి తగిన విద్య అని ఆ పేరు. మధ్యయుగాల యూరపులో ఆ విద్య కింద 7 శాస్త్రాలు లెక్కించేవారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం. గమనించండి, వాటిలో సగానికి పైగా లెక్కలూ, నక్షత్రాలే. సంగీతాన్ని కూడా ఆ రోజుల్లో లెక్కల కిందే జమకట్టేవారు. లెక్కలు వచ్చినవాడు ఇటు, రానివాడు అటు అని గోడ కట్టింది మన కాలమే గాని, ఆ పాతవాళ్ళు కాదు.

ఈ చదువు యూరపు సొత్తు అని కూడా అనుకోనక్కరలేదు. కార్డోవా నగరానికి చెందిన ఇబ్న్ రుష్ద్ (1126-1198) ఖాజీగా తీర్పులు చెప్పారు, వైద్యం మీద గ్రంథం రాశారు, అరిస్టాటిలుకు వ్యాఖ్యానాలు రాశారు. ఆ వ్యాఖ్యానాలు లాటినులోకి వెళ్ళి యూరపు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథాలయ్యాయి. ఆయన రాసిన ఫిఖ్ గ్రంథం "బిదాయతుల్ ముజ్తహిద్" సంగతి మన ఆలిములకు తెలుసు. అందులో ఆయన ఒక మసలా తీసుకుని, ఇమాములలో ఎవరి అభిప్రాయం ఏమిటో చెప్పి ఊరుకోరు. వారు ఎందుకు విభేదించారు, ఆ భేదం ఎక్కడ పుట్టింది అని కారణం వెతుకుతారు. జవాబు చెప్పడం ఒక ఎత్తు, పెద్దవాళ్ళు ఇద్దరు రెండు జవాబులు ఎందుకు చెప్పారో అర్థం చేసుకోవడం మరొక ఎత్తు. నేను ఇవాళ బి.ఏ. పిల్లవాడికి కోరుకునేది ఈ రెండవదే. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ గారి పేరిట ఏర్పడిన దర్సె నిజామీలో కూడా వ్యాకరణం, మంతిఖ్ అనే తర్కం, గణితం, తత్త్వశాస్త్రం ఉండేవి. అవన్నీ పక్కపక్కనే కూర్చుని చదివారు మన పూర్వులు.

సరే, అది దూరపు సంగతి. దగ్గరికి వద్దాం. మన తెలుగు నేల మీద ఈ రకం విద్యకు ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాని గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన పిల్లలకు అక్కడి ఆర్ట్స్ కాలేజీ భవనం ఫోటో తెలుసు గాని, లోపల జరిగిన పని తెలియదు.

1917లో అక్బర్ హైదరీ గారు నిజాం ప్రభువుకు ఒక విజ్ఞాపన సమర్పించారు. పరాయి భాషలో చదవడం వల్ల పిల్లవాడి శక్తి అంతా మాటలు కంఠస్థం చేయడానికే సరిపోతున్నది, విషయం మీద ఆలోచించడానికి మిగలడం లేదు అన్నది అందులోని సారాంశం. ఆ ఏడే ఫర్మానా వచ్చింది, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. ఇంగ్లీషు కూడా తప్పనిసరిగా చదవాలి, అయితే అది ఒక భాషగా. చరిత్ర, అర్థశాస్త్రం, తత్త్వం మాత్రమే కాదు, భౌతికశాస్త్రం, రసాయనం, తరువాత వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు.

పాఠం ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలుండాలి కదా? లేవు. అందుకని కాలేజీ కంటే ముందు 1917లోనే "దారుల్ తర్జుమా" అని ఒక అనువాద శాఖ పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు దానికి తొలి అధిపతి. ఇంగ్లీషు నుంచి వందల పుస్తకాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. కవి జోష్ మలీహాబాదీ కూడా అక్కడ కొన్నేళ్ళు పనిచేశారు. రసాయనశాస్త్రంలో ఒక మాటకు ఉర్దూ మాట కావాలంటే దానికొక సంఘం ఉండేది. అందులో శాస్త్రం తెలిసినవారూ, భాష తెలిసినవారూ ఎదురెదురుగా కూర్చునేవారు. అరబ్బీ ధాతువు నుంచి కొత్త మాట పుట్టించాలా, బజారులో ఉన్న హిందుస్తానీ మాటే తీసుకోవాలా, ఇంగ్లీషు మాట ఉన్నదున్నట్టు ఉంచాలా అని తర్జనభర్జనలు. వహీదుద్దీన్ సలీం గారు మాటలు పుట్టించే పద్ధతి మీద 1921లో ఏకంగా ఒక పుస్తకమే ప్రకటించారు. ఒక్క మాట కోసం ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. ఆ గొడవే చదువండీ. రసాయనం వచ్చినవాడికి భాష అక్కర్లేదు, భాష వచ్చినవాడికి రసాయనం అక్కర్లేదు అనే మన ఇప్పటి పద్ధతి ఆ గదిలో చెల్లలేదు.

ఆ ఉర్దూ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ కూడా ఉండేది. దానికి ఆచార్యులుగా పనిచేసినవారు మన కోస్తా నుంచి వెళ్ళిన కవి రాయప్రోలు సుబ్బారావుగారు. ఆడపిల్లల కోసం 1924లో మొదలైన కాలేజీ 1949లో కోఠీలోని పాత రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఇప్పుడది ఒక మహిళా విశ్వవిద్యాలయం.

ఉస్మానియాను పొగిడి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఆ రాజ్యంలో ఎక్కువమంది జనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ళకు ఉర్దూ మాత్రం సొంత భాషా? అక్బర్ హైదరీ గారు ఇంగ్లీషు మీద చేసిన ఫిర్యాదే తెలుగు పిల్లవాడు ఉర్దూ మీద చేయవచ్చు కదా. అలాగే 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేశారు. వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ప్రశ్నించడం నేర్పే చోటనే ప్రశ్నను భరించలేకపోవడం ఎక్కడైనా జరుగుతుంది. 1948 తరువాత ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆ పుస్తకాలన్నీ అలమారాల పాలయ్యాయి. ముప్ఫై ఏళ్ళ శ్రమ.

మన వైపు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో పుట్టి, తరువాత వాల్తేరు చేరింది. తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు బ్రిటిషు ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చారు. 1931 నుంచి 1936 వరకూ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. దేశం నలుమూలల నుంచీ చురుకైన యువకులను ఏరి తెచ్చారాయన. అలా వచ్చినవారిలో ఆక్స్‌ఫర్డులో చదువుకుని వచ్చిన హుమాయూన్ కబీర్ ఒకరు. తూర్పు బెంగాలుకు చెందిన ముస్లిం యువకుడు వాల్తేరు సముద్రపుటొడ్డున మన తెలుగు పిల్లలకు పాఠం చెప్పారు. తరువాత కేంద్రంలో మంత్రి అయ్యారు. హైదరాబాదులో ఉర్దూ విశ్వవిద్యాలయానికి తెలుగు కవి, వాల్తేరులో తెలుగువారి విశ్వవిద్యాలయానికి బెంగాలీ ముస్లిం. ఈ రెండూ నాకు జోడుగా గుర్తుంటాయి.

మన పాత ఉమ్మడి జిల్లా సంగతి అడిగితే, పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు (1885-1945) ఉండనే ఉన్నారు. పారశీకం తెలుసు, తెలుగులో పద్యం తెలుసు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా కూడా ఉన్నారు. ఆయన రాజకీయమూ, కవిత్వమూ, ఆధ్యాత్మికమూ వేరు వేరు గదుల్లో పెట్టుకుని తాళం వేసుకోలేదు.

ఇక ఇప్పటి సంగతి. మన రాష్ట్రంలోనే, తడ దగ్గర శ్రీసిటీలో, 2018లో క్రియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రైవేటు సంస్థ. అక్కడ డిగ్రీలో చేరిన పిల్లవాడు మొదటిరోజే "నేను హిస్టరీ" అనో "నేను ఫిజిక్స్" అనో గీత గీసుకోనక్కరలేదు. తొలి ఏడాది అందరూ కలిసి సాహిత్యమూ, విజ్ఞానశాస్త్రమూ, లెక్కలూ, రాయడమూ అభ్యసించి, తరువాత తన ముఖ్య విషయం ఎంచుకుంటారు. ఆర్థికశాస్త్రం ముఖ్యంగా తీసుకున్నవాడు తత్త్వశాస్త్రం కూడా చదవవచ్చు. బాగానే ఉంది. కాని ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. అవసరాన్ని బట్టి రాయితీలు ఇస్తామంటారు, అడగాలి, కాగితాలు సమర్పించాలి. మన తాటిపాక పిల్లవాడికి అది సులభంగా అందే పండు అని నేను చెప్పను.

అందే పండ్లు వేరే ఉన్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. 2006 నుంచి ఇంటర్ పాసైనవారిని అయిదేళ్ళ ఎం.ఏ.లో చేర్చుకుంటున్నది. ఇంగ్లీషు, విదేశీ భాషల కోసం మరొక కేంద్రీయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఫీజులు ప్రైవేటు ఫీజులతో పోలిస్తే బహు తక్కువ. ప్రవేశపరీక్ష రాయాలి. మన పిల్లలు ఎంసెట్ పేరు పుట్టకముందే వింటారు గాని, ఈ పరీక్ష పేరు ఇంటర్ రెండో సంవత్సరంలో కూడా వినరు. దరఖాస్తు తేదీ దాటాక నా దగ్గరకొచ్చే తండ్రులే ఎక్కువ.

ఇంటి దగ్గర డిగ్రీ కాలేజీల్లో సైతం పద్ధతి మారింది. వెనుక మన రోజుల్లో హెచ్.ఇ.పి. అనేవాళ్ళం, చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి, మూడూ సమానంగా. 2020 జాతీయ విద్యావిధానం తరువాత నాలుగేళ్ళ ఆనర్సు వచ్చింది. 2023-24లో మన రాష్ట్రంలో ఒక మేజరు, దానికి తోడు వేరే శాస్త్రం నుంచి ఒక మైనరు అనే పద్ధతి పెట్టారు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి చేరే ముందు కాలేజీలో కనుక్కోవాలి. పేరు ఏదైనా అసలు ప్రశ్న ఒకటే: అక్కడ పిల్లవాడు రోజూ ఏం చేస్తున్నాడు? పుస్తకం చదువుతున్నాడా? సొంత మాటల్లో రాస్తున్నాడా? రాసినదాన్ని ఎవరైనా దిద్ది, "ఈ మాటకు ఆధారం ఏది?" అని అడుగుతున్నారా? అడిగితే అది యూనివర్సిటీ. అడగకపోతే బోర్డు మీద ఏ పేరు రాసినా ఒకటే.

ఇలాంటి చదువు ఎలా ఉంటుందో మన ఊరి ఉదాహరణతోనే చెబుతాను. బాధాకరమైన ఉదాహరణ. కాని దీనికంటే దగ్గరిది నాకు కనబడలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున పక్కనున్న నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఈ సభలో ఆ బాధ ఎరిగిన కుటుంబాలున్నాయి. ఇప్పుడు ఆ సంఘటనను ఒక తరగతిలో చదువుతున్నామనుకోండి. తేమతో కూడిన గ్యాసు వల్ల గొట్టం లోపల తుప్పు పట్టిందన్నారు. ఉక్కు ఎందుకు తుప్పు పడుతుంది? అది రసాయనం. గొట్టం ఎవరి పొలంలో నుంచి వెళ్ళింది, ఏ హక్కుతో వెళ్ళింది? అది చట్టం. దీనికి 1962 నాటి కేంద్ర చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం భూమి రైతుదే, గొట్టం వేసి వాడుకునే హక్కు మాత్రం ప్రభుత్వం తీసుకుంటుంది. ఆ గీత మీద రైతు ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అంటే కోనసీమ రైతు కొబ్బరిమొక్క పెట్టుకోకూడదన్నమాట. ఆ హక్కుకు పరిహారం భూమి విలువలో 10 శాతం. ఒక కొబ్బరిచెట్టు ఎన్నేళ్ళు కాస్తుంది, ఆ 10 శాతం ఆ నష్టానికి సరిపోతుందా? అది అర్థశాస్త్రం. తీరప్రాంతపు గ్యాసు వల్ల వచ్చే లాభం ఎక్కడికి పోయింది, ప్రమాదం ఎవరి ఇంటిపక్కన మిగిలింది? అది రాజనీతి. ఆ రోజు చూసినవాళ్ళ మాటలు వారి మాటల్లోనే రాసి పెట్టడం చరిత్ర. కలెక్టరుగారికి చదివితే కదలిక వచ్చేటట్టు ఒక అర్జీ రాయడం భాష.

చూశారా, ఒక్క సంఘటన. దాన్ని ఇంజనీరు ఒక్కడే విప్పలేడు, వకీలు ఒక్కడే విప్పలేడు. మన ఊళ్ళో పైపుకు వెల్డింగు చేయగలవాళ్ళున్నారు, మాషాఅల్లా, మంచి పనివాళ్ళు. ఆ 1962 చట్టం తీసి చదివి, మనకు విప్పి చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? నేను లెక్క చెప్పను. మీరే మీ వీధిలో లెక్క పెట్టుకోండి.

"మాస్టారూ, ఇదంతా బాగుంది, ఉద్యోగం?" అని ఒక పెద్దాయన పోయిన నెల నన్ను టీకొట్టు దగ్గర నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. బి.ఏ. పట్టా చేతికొచ్చిన మర్నాడే జీతం వస్తుందని నేనెప్పుడూ చెప్పలేదు. బి.ఇడి. చేసి ఉపాధ్యాయులు కావచ్చు, లా చదివి వకీలు కావచ్చు, బ్యాంకు పరీక్షలు రాయవచ్చు, పత్రికల్లో చేరవచ్చు. గ్రూప్-1లోనూ, సివిల్ సర్వీసుల్లోనూ వ్యాసరచనకే ఒక పేపరుంటుంది. అది గైడు బట్టీపట్టి దాటలేరు. అయితే వీటన్నిటికీ పట్టా తరువాత మరి రెండు మూడేళ్ళ కష్టం ఉంది. ఆ రెండు మూడేళ్ళు తట్టుకోవడానికే నేను సంఘం సాయం అడుగుతున్నాను. మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు కేంద్రం ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. కొత్తవారికి ఇక లేదు. బయటి చేతులు తగ్గినప్పుడు ఇంటి చేతులు చాపాలి.

గల్ఫు సంగతి కూడా అదే పెద్దాయన ఎత్తారు. "మా తమ్ముడు పదో క్లాసు తప్పాడు, కువైట్‌లో బాగానే ఉన్నాడు" అని. ఉన్నందుకు అల్లాకు షుక్ర్. ఆ డబ్బుతోనే ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళు కట్టారు, ఎందరో ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. నేను దాన్ని తక్కువ చేయను. ఒక్కటే అడుగుతాను. పోయేటప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంటు ఎవరు చదివారు? పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఆ దేశాలకు వెళ్ళడానికి క్లియరెన్సు ఎందుకు కావాలో, 1983 నాటి వలసల చట్టం కార్మికుడికి ఏ రక్షణ ఇచ్చిందో ఏ ఏజెంటు చెప్పాడు? పది కుటుంబాలు గల్ఫుకు మనుషుల్ని పంపే వీధిలో, ఆ కాగితాలు చదివి "ఇక్కడ సంతకం పెట్టకు బాబాయ్" అని చెప్పగల ఒక ఆడపిల్లో, మగపిల్లాడో ఉండవద్దా? ఆ పిల్ల జీతం ఎంత అని కాక, ఆ పిల్ల వల్ల ఆ వీధికి ఎంత నష్టం తప్పింది అని కూడా లెక్క వేయాలి.

ఆడపిల్ల అన్నాను కదా, ఆ మాట ఇంకొంచెం చెప్పాలి. మనలో బి.ఏ.లో చేరేవాళ్ళలో ఆడపిల్లలు చాలామందే. కారణం గౌరవం కాదు, "పెళ్ళయ్యేదాకా ఏదో ఒకటి" అని. ఇంటి దగ్గర కాలేజీ, తక్కువ ఫీజు. అయినా తరగతి గదిలో బాగా రాసేది వాళ్ళే. నేను జవాబు పత్రాలు దిద్దినన్నాళ్ళూ చూశాను. అలాంటి పిల్లకు ఎం.ఏ. సీటు హైదరాబాదులో వస్తే ఇంట్లో సభ పెడతారు. ఆ సభలో ఆ పిల్ల తప్ప అందరూ మాట్లాడతారు. హాస్టలుందా, తోడు ఎవరు, జనం ఏమంటారు. ఇవి ఉత్తి భయాలని నేను కొట్టివేయను. తండ్రి గుండె తండ్రికే తెలుస్తుంది. కాని ఆ భయాల్లో సగం డబ్బుకు సంబంధించినవి, ఆ సగం మన నిధి తీర్చగలదు. తండ్రి ఒకసారి వెంట వెళ్ళి హాస్టలు చూసి రావడానికి రైలు ఛార్జీలు కూడా స్కాలర్‌షిప్పులో చేర్చాలని నా సూచన. నవ్వకండి. చూసివస్తే సగం భయం పోతుంది.

ఇంగ్లీషు అంటే భయపడే పిల్లలకు ఒక మాట. అది నిజంగానే అడ్డమే, తేలిక అని చెబితే అబద్ధం. తెలుగులో నాలుగు పేజీలు తప్పు లేకుండా, తడబాటు లేకుండా రాయగలిగినవాడికి ఇంగ్లీషు ఒక ఏడాది పని. తెలుగులోనూ రాయలేనివాడికి ఏ భాషా రాదు. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, మదర్సాలో అరబ్బీ అక్షరాలు. నాలుగు లిపులు చూసిన కళ్ళు! దీన్ని బరువు అనుకుంటున్నాం. ఉస్మానియా అనువాద శాఖలో ఇలాంటివాళ్ళనే వెతికి వెతికి జీతమిచ్చి కూర్చోబెట్టారు.

ఇక సవరణ విషయానికి వస్తాను. "వృత్తివిద్యా కోర్సులు చదువుచున్న పేద విద్యార్థులకు మాత్రమే" అన్న చోట "గుర్తింపు పొందిన ఏ డిగ్రీ లేక పీజీ కోర్సు అయినా చదువుచున్న పేద విద్యార్థులకు" అని మార్చవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను. దీనివల్ల ఇంజనీరింగు పిల్లల వాటా తగ్గిపోతుందని కొందరు సభ్యుల ఆందోళన. మొత్తం నిధి పెరగకపోతే కొంత తగ్గుతుంది, దాచను. అందుకని తొలి ఏడాది ఆర్ట్స్ విద్యార్థులకు నిధిలో అయిదో వంతు మించకుండా ఇద్దాం, ఏడాది తరువాత మళ్ళీ జనరల్ బాడీలో చూద్దాం.

దానికి తోడు ఒక షరతు కూడా పెట్టమంటున్నాను. ఇది ఇంజనీరింగు పిల్లలకు కూడా వర్తించాలి. స్కాలర్‌షిప్పు తీసుకునే ప్రతి విద్యార్థీ నెలకు ఒకసారి తాను చదివిన ఒక పుస్తకం గురించో, మన ఊరికి సంబంధించిన ఒక విషయం గురించో సొంత మాటల్లో రెండు పేజీలు రాసి, సంఘం హాలులో చదవాలి. తెలుగులో గాని, ఉర్దూలో గాని, ఇంగ్లీషులో గాని. విన్నవాళ్ళు ప్రశ్నలడగాలి. అడగడం పెద్దల వంతు. "శభాష్" అని చప్పట్లు కొట్టి పంపేస్తే కుదరదు. కాలేజీలో ఎవరూ అడగకపోతే, కనీసం ఇక్కడన్నా ఎవరో ఒకరు "దీనికి ఆధారం ఏది బాబూ?" అని అడగాలి. మొదటి మూడు నెలలు ఆ పేజీలు దిద్దే పని నేను చేస్తాను. కొబ్బరి ధరల మీద ఎవరైనా రాస్తే ముందుగా దాన్నే చదువుతాను, ఎందుకంటే నాకూ నాలుగు చెట్లున్నాయి.

సవరణ ప్రతి కార్యదర్శిగారి దగ్గర ఉంది. అందులో "అయిదో వంతు" అన్న చోట అంకె పెంచమనో, తగ్గించమనో ఎవరైనా కోరితే ఓటుకు పెట్టే ముందే చెప్పండి. ఈ ఏడు ఇంటర్ పాసైన పిల్లలు ఎవరైనా ఉంటే, భోజనాలయ్యాక మార్కుల జాబితాతో పాటు తాము రాసిన ఏదైనా ఒక కాగితం పట్టుకుని వచ్చి, ఈ వేదిక ఎడమపక్కన నన్ను కలవండి. ఉత్తరం అయినా ఫరవాలేదు.